బిళ్ళ కరిగేదాకా

డిసెంబరు 1

తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఈ బిల్డింగులో దీన్ని చదవగలిగిన వాళ్ళెవరూ లేరు. ఉన్న ఒక్క మనిషికీ అక్టోబరు నుంచి అక్షరాలు ఆనడం లేదు. కాబట్టి ఏమైనా రాసుకోవచ్చు. ఈ డైరీ మందుల కంపెనీవాళ్ళు ఎప్పుడో ఆసుపత్రిలో పంచింది. సంవత్సరం పాతదే. వారాలు కొట్టేసి వాడుకుంటున్నాను.

డిశ్చార్జి రోజున డాక్టరు అన్నాడు, "భార్య నర్సు కావడం ఈయన అదృష్టం" అని. నిజమే మరి. స్ట్రోక్ వచ్చి కుడి చేతికి పట్టు పోయింది. కాలు ఫరవాలేదు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. పోయింది మాట. ఈ దేశంలో ఎక్కని లిఫ్టు లేదు, విప్పని మోటారు లేదు, ఇక్కడివాళ్ళకే రాని తిట్లు నేర్చుకున్న మనిషి. ఆ భాష మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తెలుగు ఒక్కటే మిగిలింది. అదీ ఎక్కడో అడుగున ఉంది. ఒక్కో మాటా తోడుకోవాలి. ఆయన తోడుకునేలోపు నేనే అందించేస్తున్నాను. ఆయనకి శ్రమ ఎందుకు? నోరు తెరిస్తే చాలు, ఏం కావాలో నాకు తెలిసిపోతుంది. నోట్లో గొట్టాలున్న రోగులకి ఏం కావాలో కనిపెట్టిన దాన్ని, కట్టుకున్న మొగుడి సంగతి కనిపెట్టలేనా?

మధ్యాహ్నం కంచం నావైపు తోశారు. ఉప్పు తక్కువైందనుకుని వేశాను. మళ్ళీ తోశారు. మొండితనం మాత్రం ఎక్కడికీ పోలేదు. చెంచాతో నేనే తినిపించేసి, గిన్నెలు కడుక్కుని, ఇంత టీ తాగి నడుం వాల్చాను.

డిసెంబరు 2

కుడి చేతికి వ్యాయామం రెండుసార్లు. బీపీ బాగుంది.

జాకెట్టు వదులైంది. కుట్టు ఊడిందేమో చూడాలి.

పెళ్ళైన నాటినుంచీ నన్ను "సిస్టరమ్మా" అని వెక్కిరించడమే ఆయన పని. డ్యూటీకి ఆలస్యమైతే సిస్టరమ్మా, కూర మాడితే సిస్టరమ్మా, నలుగురిలో ఉన్నా అదే పిలుపు. సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడు రెండు నెలలుగా ఆ గోల లేదు. హాయిగా ఉంది.

డిసెంబరు 4

బిల్డింగు సెక్రటరీ వచ్చాడు, తలుపు దగ్గరే నిలబడి నీళ్ళు నమిలాడు. ఎందుకొచ్చాడో నాకు తలుపు తీయకముందే తెలుసు. క్రిస్మస్ తాత సంగతి.

ఈ బిల్డింగులో క్రిస్మస్ తాత పొగగొట్టంలోంచి రాడు, లిఫ్టులో వస్తాడు. ఈయన కనిపెట్టిన వేషం అది. ఎర్రకోటు వేసుకుని, బస్తా భుజాన వేసుకుని, డాబా మీద లిఫ్టెక్కి ఒక్కో అంతస్తుకీ దిగుతారు. తలుపు తెరుచుకుంటే ఆ అంతస్తు పిల్లలందరూ ఎదురుగా ఉంటారు. ఇంకో చిలిపి పని కూడా ఉంది. మధ్యలో, రెండు అంతస్తుల నడుమ, ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని లిఫ్టు ఆపేస్తారు. ఆపి గంట మోగిస్తారు. పైవాళ్ళు మా దగ్గరికంటారు, కిందివాళ్ళు మా దగ్గరికంటారు, బిల్డింగు దద్దరిల్లిపోతుంది. వేలు తీస్తే మళ్ళీ కదులుతుంది. మాకు పిల్లలు లేరు కదా, "ఏడాదికోసారి నా గోల నన్ను పడనీ" అనేవారు.

"ఈసారి ఆయన..." అని సెక్రటరీ నసిగాడు.

"ఆయన వల్ల కాదండీ. వద్దంటున్నారు" అన్నాను.

"ఆయన్ని ఒక్కమాట అడిగి..."

సరే అని లోపలికి వెళ్ళి అడిగాను. వద్దన్నారు. కోటూ, టోపీ, గడ్డమూ సంచిలో పెట్టి ఇచ్చేశాను. ఐదో అంతస్తు పళ్ళడాక్టరు వేసుకుంటాడట. మంచివాడే. మనిషి మరీ పుల్లలా ఉంటాడు, అదొక్కటే.

డిసెంబరు 5

పొద్దుట్నించీ గోడవైపు తిరిగి కూర్చున్నారు. చలికి.

డిసెంబరు 7

ఇవాళ నాకు తల కొట్టేసినట్టయింది. రాసుకుంటే గాని మనసు కుదుటపడదు.

మాటలు నేర్పే టీచరు వారానికి రెండుసార్లు ఇంటికొస్తుంది. చిన్నపిల్ల. నేను ఉద్యోగంలో చేరేనాటికి పుట్టి కూడా ఉండదు. తెలుగు రాదు కాబట్టి ఆమె ఇక్కడి భాషలో అడిగింది నేను తెలుగులో ఆయనకి చెప్పాలి, ఆయన అన్నది ఆమెకి చెప్పాలి. ఇన్నాళ్ళూ అలాగే చేస్తున్నాను, ఎంత బాగా చేస్తున్నానో అనుకుంటూ.

"మీరు ఏం పని చేసేవారు?" అని అడగమంది. అడిగాను. ఆయన మొహం వెలిగింది. "లి..." అన్నారు.

నేను చెప్పాను, ఆయన లిఫ్ట్ మెకానిక్కనీ, మా ఆసుపత్రి లిఫ్టులు కూడా ఆయనే చూసేవారనీ, మా పరిచయం కూడా అక్కడే అయిందనీ. ఓరోజు డ్యూటీకి ఆలస్యమై, ఎంతకీ రాని లిఫ్టుని నేను తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టుకుంటుంటే, మూసిన తలుపుల వెనకనుంచి "వస్తోందమ్మా వస్తోంది, పాపం దాన్ని తిట్టకు" అని తెలుగులో వినిపించిందనీ, ఈ పరాయి దేశంలో లిఫ్టుకి తెలుగెలా వచ్చిందా అని గుండె గుభేలుమందనీ, అంతా చెప్పాను.

ఆ పిల్ల పెన్ను కిందపెట్టింది. "అదంతా ఆయనే అన్నారా?"

"అనబోయారు" అన్నాను.

"అమ్మా, ఒక్కమాట అంటే ఏమనుకోకండి. ఆయన నోరు తెరిచిన ప్రతిసారీ మీరు మాట్లాడుతున్నారు. రెండు నెలల్లో ఆయన ఒక్క వాక్యం కూడా చివరిదాకా చెప్పింది లేదు. ఆయనకి రాక కాదేమో. మీరు ఖాళీ ఇవ్వక."

నాకు పీకలదాకా కోపం వచ్చింది. ఎన్ని వార్డులు చూశాను, ఎంతమందికి నోరై నిలబడ్డాను! ఆ పిల్లకి ఏం తెలుసు? అదే అనబోయి ఆయన వైపు చూశాను. ఆయన నవ్వుతున్నారు. ఒక పక్క పెదవే లేస్తుంది ఇప్పుడు, అయినా నవ్వే అది. నాకు తెలీదా ఆ నవ్వు.

టీచరు సంచిలోంచి పిప్పరమెంటు బిళ్ళల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. ఆయన నోరు తెరవగానే నేను ఒక బిళ్ళ వేసుకోవాలట. అది కరిగేదాకా నా నోట మాట రాకూడదట. తర్వాత కూడా, ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆయన అన్నదే చెప్పాలి, ఒక్క ముక్క కలపకూడదు.

"మందులు ఆయనకా నాకా?" అన్నాను.

"మీకే" అంది, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

డిసెంబరు 8

బిళ్ళ వేసుకున్నాను. ఆయన "న..." అన్నారు. నీళ్ళని నాకు తెలుసు. తెలిసి కూడా ఊరుకోవడమంటే ఎంత నరకమో ఆ పిల్లకి తెలీదు. కొరికేశాను. నీళ్ళు తెచ్చాను.

తాగలేదు.

డిసెంబరు 9

కొరికేశాను.

మళ్ళీ కంచం తోశారు. చెంచా నావైపు చూపించారు. కూర మార్చాను. కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆయన తినకపోతే నాకు మాత్రం ముద్ద దిగుతుందా? అన్నం ఫ్రిజ్‌లో పెట్టేశాను.

డిసెంబరు 11

చెల్లెలు ఫోను చేసింది. అదే పాట. "అక్కా, రిటైరయ్యి ఇన్నేళ్ళయ్యింది, ఇంకా ఆ దేశంలో మీకేం పనే? వచ్చెయ్యండి ఇక్కడికి. పైగది ఖాళీగానే ఉంది."

"మీ బావగారు ఇక్కడే ఉంటానంటున్నారే" అన్నాను.

"బావ అన్నాడా, నువ్వన్నావా?"

దీనికెవరు చెప్పారు! ఆ టీచరు గాని ఫోను చేసిందా అనిపించింది ఒక్క క్షణం. "ఇదిగో మాట్లాడు" అని ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను. అది ఆగకుండా వాగుతూనే ఉంది, ఇంట్లో మేకు పీకబోతే గోడ ఊడొచ్చిందట, మా మరిది గోడని పట్టుకుని గంటసేపు నిలబడ్డాడట. ఈయన పకపకా నవ్వారు. అక్టోబరు తర్వాత గొంతెత్తి నవ్వడం ఇదే. నేను ఇంత చేస్తున్నాను, నా దగ్గర ఒక్కసారి అలా నవ్వలేదు. ప్రాణం చివుక్కుమంది. అసూయే, ఇంకేం కాదు.

డిసెంబరు 13

పొద్దున్న నేను మందుల షాపునుంచి వచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. బట్టలన్నీ నేలమీద. వాటి మధ్యలో ఆయన. పడిపోయారనుకుని పరుగెత్తాను. పడిపోలేదు, కూర్చున్నారు. ఎడమచేత్తో ఒక్కో బట్టా తీసి పక్కన వేస్తున్నారు.

"స్వెట్టరా? శాలువా? చలేస్తోందా? చెప్తే నేను తియ్యనా..."

నావైపు చూశారు. ఆ చూపు చూసి, పొట్లం తెచ్చుకుని బిళ్ళ వేసుకున్నాను. ఆయన పక్కనే నేలమీద కూలబడ్డాను.

చాలాసేపు ఏమీ లేదు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడంలేదు. నా నాలుక చివర వంద మాటలు. బిళ్ళ చెంపకి నొక్కిపెట్టి ఉంచాను. కొరకలేదు.

"కో...టు" అన్నారు.

తర్వాత ఇంకా చాలాసేపు. "ఎ...వరు."

బిళ్ళ కరిగింది. చెప్పాను, పళ్ళడాక్టరుకి ఇచ్చానని.

ఆయన తిట్టినా బాగుండేది. గోడ పట్టుకుని లేచి, కర్ర వెతుక్కుని, వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నారు.

నాలుగో తారీకు పేజీ తిప్పి చూశాను. "అడిగాను. వద్దన్నారు" అని రాసి ఉంది. నేనే రాశాను. వద్దనలేదు. అడిగాను, ఆయన నోరు తెరిచారు, కళ్ళు పెద్దవి చేశారు, నేను "వద్దులెండి, నాకు తెలుసు" అనేసి వచ్చేశాను. నాకోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా ఆయన మాట నేనే రాసేసుకున్నాను. నాకు సిగ్గేసింది. బట్టలు మడతపెడుతూ ఏడ్చాను.

డిసెంబరు 14

పళ్ళడాక్టరింటికి వెళ్ళాను. తలుపు తీస్తూనే "హొహ్హోహో" అన్నాడు. ప్రాక్టీసట. వారం రోజులుగా రోగుల నోళ్ళు తెరిపించి మరీ వినిపిస్తున్నాడట, వాళ్ళు పారిపోవడానికి వీల్లేదు కదా.

విషయం చెప్పాను. పాపం అతని మొహం వాడిపోయింది. భార్య లోపల్నించి కోటు తెచ్చింది. అతని ఒంటికి సరిపోవాలని రెండుపక్కలా కుట్టేసింది, మిషను మీద, గట్టిగా.

"విప్పేస్తానులెండి" అన్నాను.

"నేను బస్తా డాబా మీదికి చేరుస్తాను. కింద హాల్లో పిల్లల్ని అదుపులో పెడతాను" అన్నాడు పళ్ళడాక్టరు. మంచివాడని చెప్పానా. అంతలో అడిగాడు, "ఆయన మాట్లాడతారా మరి? పిల్లలు ఊరుకోరు, ఏదో ఒకటి అడుగుతారు."

"ఆయన ఇవాళ బాగానే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. "నాకు తెలీదు" అన్నాను.

ఆ మాట అని ఎన్నేళ్ళయిందో.

ఇంటికి వచ్చి కోటు ఆయన ఒళ్ళో పెట్టాను. బొత్తాలు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నారు. సాయంత్రం దాకా ఒళ్ళోంచి తీయలేదు.

డిసెంబరు 16

టీచరు వచ్చింది. పొట్లం చూసి "బాగానే ఖర్చయింది" అంది. కొరికినవెన్నో అడగలేదు. మంచిది.

ఆయన ఇవాళ ఐదు మాటలన్నారు. కిటికీ. గంట. డాబా. తాళం. ఐదోది పక్కింటాయన గురించి, అది రాయకూడదు. టీచరు ఏమన్నారని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాలన్న నియమం ఆమెదే కదా, చెప్పాను. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఎంత సంతోషించారో!

డిసెంబరు 18

కంచం తోశారు. ఈసారి నేను ఏమీ వేయలేదు, మార్చలేదు. బిళ్ళ వేసుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆయన చూపుడువేలు ఎత్తి నావైపు చూపించారు. ఊపిరి తీసుకున్నారు. ఏదో పెద్దమాటే రాబోతోంది.

డోర్‌బెల్ మోగింది. సెక్రటరీ, లిఫ్టులో కట్టడానికి రంగుకాగితాలు తెచ్చాడు. నేను తిరిగి వచ్చేసరికి ఈయన నోరు మూసేసుకున్నారు. ఎంత బతిమాలినా మళ్ళీ తెరవలేదు.

ఏమై ఉంటుంది? పచ్చడి అడగబోయారా? పచ్చడి తీసిపెట్టాను. చూడనైనా చూడలేదు.

డిసెంబరు 20

బజారునుంచి వస్తుంటే కింద హాల్లో కళ్ళు తిరిగాయి. గట్టిగా పడలేదు, గోడకి జారాను అంతే. సెక్రటరీ కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రలేదు, అందువల్లే. తలెత్తి చూస్తే లిఫ్టు తలుపులు తెరుచుకుని ఆయన నిలబడి ఉన్నారు. ఎవరు చెప్పారో, ఒంటరిగా దిగి వచ్చేశారు.

కర్ర నేలకేసి కొట్టారు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. నోరు తెరిచి, మూసి, తెరిచి, మాట రాక మొహమంతా జేవురించింది. నా మీద ఆయనకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం లేదండీ, నిద్ర చాలక. నేను నర్సుని, నాకు తెలీదా?" అన్నాను.

బిళ్ళ వేసుకోవాలని గుర్తే రాలేదు.

డిసెంబరు 22

కోటు కుట్లు విప్పాను. తొడిగి చూస్తే ఆయనకి ఇప్పుడు వదులు. లోపల దిండు పెట్టాం. గాజులు జారి సూది పట్టుకోనివ్వడం లేదు. తీసి బల్లమీద పెట్టాను.

డిసెంబరు 23

రేపు. నాకే భయంగా ఉంది. ఆయన నిశ్చింతగా గురక పెడుతున్నారు.

ప్రభువా, ఆయన చేత మాట్లాడించు. నా చేత మాట్లాడించకు.

డిసెంబరు 24

బాగా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

సాయంత్రం చర్చినుంచి త్వరగా వచ్చేశాం. కోటు తొడిగాను, గడ్డం కట్టాను. కుడి చెయ్యి కోటు జేబులో పెట్టేశాం, ఎవరికీ తెలీదు. ఎడమచేతికి గంట, కర్ర లిఫ్టు మూలన. లిఫ్టులో ఇద్దరికీ బస్తాకీ సరిపోయేంతే చోటు. ఇన్నేళ్ళలో ఈ రోజున ఆ లిఫ్టులో నేనెప్పుడూ ఎక్కలేదు. డ్యూటీలో ఉండేదాన్ని, లేకపోతే ఇంట్లో పొట్లాలు కట్టేదాన్ని. ఈసారి బస్తాలోంచి తీసి పంచడానికి ఒక చెయ్యి కావాలి కదా.

డాబా మీద లిఫ్టెక్కగానే ఆయన నా నోటివైపు వేలు చూపించారు. బిళ్ళ ఉందా అని. నాలుక చాపి చూపించాను. దొంగ నవ్వు ఒకటి నవ్వి గంట ఊపారు.

ఆరో అంతస్తు. తలుపు తెరుచుకోగానే ఒకటే అరుపులు. నేను పొట్లాలు పంచాను, ఆయన గంట మోగించారు, బుగ్గలు తట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఐదు. నాలుగు. ఫరవాలేదు, ఇలా గట్టెక్కేస్తాం అనుకున్నాను. ఒక బిళ్ళ అయిపోతే ఇంకోటి వేసుకున్నాను.

మూడో అంతస్తులో ఒక చిన్నది ఉంది. ముందుపళ్ళు రెండూ ఊడాయి. దానికి సందేహాలు జాస్తి. పొట్లం తీసుకుంది, కదలలేదు. తలెత్తి అడిగింది, "తాతా, నువ్వెందుకు మాట్లాడవు?"

వాళ్ళమ్మ దాని జబ్బ గిల్లింది. పెద్దవాళ్ళందరూ నావైపు చూశారు. అందరికీ అలవాటే, ఈయన్ని అడిగితే నేను చెప్తాను. జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది, తాతకి దారిలో చలికి గొంతు పట్టేసిందమ్మా అని. ఎంత చక్కటి జవాబు! బిళ్ళ అడ్డం ఉంది. మింగలేదు, కొరకలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఆయన గంట చంకలో పెట్టుకుని, లిఫ్టు తలుపుకి ఆనుకుని కొంచెం వంగారు. దాన్నే చూస్తున్నారు. అది కూడా ఈయన్నే చూస్తోంది. పెద్దవాళ్ళు ఇబ్బందిపడి గొంతులు సవరించుకుంటున్నారు గాని, అది మాత్రం రెప్ప వేయలేదు.

"వెతు...కు...తున్నా" అన్నారు.

తెలుగులోనే. చిన్నది నావైపు తిరిగింది. బిళ్ళ చెంపకి తోసి, ఆయన అన్నదే వాళ్ళ భాషలో అన్నాను. "వెతుకుతున్నాడట."

"ఏంటి?"

మళ్ళీ ఆగాం. "మా...టలు."

"మాటలు" అన్నాను నేను.

చిన్నది పై పెదవి ఎత్తి చిగురు చూపించింది. "నా పళ్ళూ పోయాయి. చూడు, ఒకటి వస్తోంది. నీవీ వస్తాయిలే" అంది.

ఆయన ఒంగి నిజంగానే చూశారు, ఆ వస్తున్న పన్నుని. తల ఊపారు. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నేను బస్తాలో తల దూర్చేశాను.

తలుపులు మూసుకున్నాయి. రెండో అంతస్తుకి వెళ్ళాలి. ఆయన ఎడమచేత్తో ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నారు. లిఫ్టు చిన్నగా ఊగి ఆగింది. గంట మోగించే చోటు అదే. పైనుంచి పిల్లలు, కిందనుంచి పిల్లలు, "తాతా, తాతా" అని ఒకటే కేకలు. కింద హాల్లోంచి పళ్ళడాక్టరు "హొహ్హోహో" అంటున్నాడు. ఆగలేకపోయాడు పాపం.

ఈయన గంట మోగించలేదు. గంట చంకలో ఉంది. నావైపు తిరిగారు.

ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా? బాత్రూమా? బీపీ బిళ్ళ వేశానా? కూర్చుంటారా? ఒకదాని మీద ఒకటి నోటిదాకా వచ్చేస్తున్నాయి. ఆగిన లిఫ్టు ముందు నేనెన్నడూ ఓపికపట్టిన దాన్ని కాదు. పక్కనున్న కడ్డీ పట్టుకున్నాను. బిళ్ళని నాలుక కింద పెట్టుకున్నాను.

ఆయన ఊపిరి తీసుకున్నారు. వదిలారు. మళ్ళీ తీసుకున్నారు.

"సి...స్ట...రమ్మా" అన్నారు.

ఈ పిలుపు లేకపోతే హాయిగా ఉందని రాశాను కదూ. అబద్ధం. చెవులు తపించిపోయాయి దాని కోసం.

అదే అనుకున్నాను, ఆ మాటే చెప్పాలనుకున్నారని. కాదు. వేలు బటన్ మీదే ఉంది. ఇంకా ఏదో వస్తోంది. గడ్డం వెనక పెదవులు వణుకుతున్నాయి. ఏమనబోతున్నారో నాకు తెలీదు. నిజంగా తెలీదు. అంత సేపూ నా బుర్రలో ఒక్కమాట కూడా తట్టలేదు.

"తి...న్నావా?"

కంచం తోసింది ఉప్పు కోసం కాదు. కూర కోసం కాదు, పచ్చడి కోసం కాదు. కర్ర నేలకేసి కొట్టింది కోపంతో కాదు. రెండు నెలలుగా రోజూ ఈయన నన్ను అడుగుతున్నారు. నేను రోజూ ఈయన నోట్లో ముద్ద పెట్టి ఆ ప్రశ్నని మూసేశాను.

"తిన్నానండీ" అనడం నాకు అలవాటు. రోగులు అడిగినా అదే, చెల్లెలు అడిగినా అదే, తినకపోయినా అదే. అది కూడా నోటిదాకా వచ్చింది. కాని బిళ్ళ ఉంది. ఆయన వేలు బటన్ మీద ఉంది. పైనా కిందా బిల్డింగంతా అరుస్తోంది. ఈయనకి తొందర లేదు. నన్ను చూస్తూ నిలబడ్డారు. నేనెప్పుడూ ఆయన కోసం అలా నిలబడలేదు.

బిళ్ళ పూర్తిగా కరిగింది.

"లేదండీ" అన్నాను.

తల ఊపారు. అప్పుడు వేలు తీశారు.

డిసెంబరు 25

ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తిన్నాను.